టోటల్ లాస్ ఎవరికి?

"ఆ పాత డబ్బాని బాగు చేయించడం దండగ. వదిలేసి కొత్తది కొనుక్కోండి."

మూడు వారాల పాటు మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఇదే మాట. పక్కింటి అంకుల్ దగ్గర్నుంచి హైదరాబాదులో ఉన్న మా మరిది దాకా. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్తాను. చదివాక మీరు నాతో పోట్లాడినా సరే.

మాది విజయవాడ. కారు 2012లో కొన్న వాగన్ ఆర్. పోయిన నెలలో ఒక పొద్దున డయాలసిస్ అయిపోయిన మా అత్తయ్యగారిని తీసుకురావడానికి బయల్దేరాను. రామవరప్పాడు రింగ్ దాటి సర్వీసు రోడ్డులోకి తిరుగుతుంటే, రాంగ్ రూట్లో ఎదురొచ్చిన గూడ్స్ ఆటో ఎడమవైపు గుద్దేసింది. బంపరు, హెడ్‌లైటు, బానెట్, రేడియేటరు అన్నీ పోయాయి. ఎడమ తలుపు తెరుచుకోలేదు. నాకు మాత్రం భుజం మీద సీటు బెల్టు ఒరుసుకున్న గీత తప్ప ఏమీ కాలేదు.

"నీకేం కాలేదుగా అమ్మాయ్?" అని ముందుగా అడిగింది అత్తయ్యగారే, హాస్పిటల్లో నర్సు ఫోన్‌లోంచి. మిగతా వాళ్ళందరి మొదటి ప్రశ్న "ఎలా నడిపావు?" రాంగ్ రూట్లో వచ్చింది వాడు. సంజాయిషీ చెప్పాల్సింది నేను! ఇది మీలో బండి నడిపే వాళ్ళందరికీ అనుభవమే కదా.

షోరూమ్ సర్వీస్ సెంటర్ వాళ్ళు 1,34,000 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. మా పాలసీలో బండి ఐ.డి.వి. 1,10,000. ఐ.డి.వి. అంటే బండి పూర్తిగా పోతే బీమా వాళ్ళు ఇచ్చే మొత్తం. రిపేరు ఖర్చు అందులో 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కేస్తారు. సర్వేయర్ వచ్చి చూసి ఆ మాటే చెప్పి వెళ్ళారు. దాంతో మా ఇంట్లో అందరూ బండికి కర్మకాండ చేసేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గరే మావారూ మా అబ్బాయీ ఫోన్లో కొత్త కార్ల రంగులు చూడటం మొదలుపెట్టారు.

నా మొదటి తగాదా ఇక్కడే. టోటల్ లాస్ అనేది బీమా కంపెనీ లెక్క. ఆ బండికి డబ్బులివ్వడం తనకి గిట్టుబాటా కాదా అని కంపెనీ వేసుకునే లెక్క. అది బండికి మరణ ధ్రువపత్రం కాదు, నా ఇంటి లెక్క అంతకంటే కాదు. "లక్షా పదివేలు చేసే బండికి లక్షా ముప్ఫై వేలు పెడతారా?" అని అందరూ తెలివిగా అడుగుతారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా? నేనేమన్నా బండిని అమ్మబోతున్నానా? రిపేరు ఖర్చుని పోల్చాల్సింది దాని అమ్మకం ధరతో కాదు. అది లేకపోతే నేను కొనాల్సిన దాని ధరతో.

ఆ లెక్కా వేశాను. మా వాళ్ళు మనసు పడ్డ కారు అన్నీ కలిపి 7 లక్షలు. 2 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి, 5 లక్షలు లోను. 9 శాతం వడ్డీ, అయిదేళ్ళంటే నెలకి 10,400 దాకా కట్టాలి. వడ్డీయే లక్షా ఇరవై వేలు దాటుతుంది. బీమా వాళ్ళ తరుగుదల పట్టిక ప్రకారమే కారు విలువ అయిదో ఏడాదికి సగం అయిపోతుంది. అంటే ఇంకో మూడున్నర లక్షలు. రెండూ కలిపి ఏడాదికి తొంభై వేల పైచిలుకు, పెట్రోలు పొయ్యకుండానే. ఇంతకీ ఆ చేతి నుంచి పెట్టుకునే 2 లక్షలు ఎక్కడివనుకున్నారు? నా పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్. దాన్ని బ్రేక్ చేద్దామని నన్నడక్కుండానే అనేసుకున్నారు.

మర్నాడు నేనే ఆటోనగర్ వెళ్ళాను. టింకరింగ్ చేసే ఒక పెద్ద మేస్త్రీ ఉన్నారు, ముప్ఫై ఏళ్ళ నుంచి అదే పని. టేపు తీసుకుని బానెట్ కింద ఐమూలగా రెండు వైపులా కొలిచారు. కొలతలు సమానంగానే వచ్చాయి. తలుపులు నిలబడే స్తంభాలు చూశారు, కింద దూరి చూశారు. "ఎముక విరగలేదమ్మా, చర్మమే చీరింది" అన్నారు. బాగున్న సెకండ్‌హ్యాండ్ బానెట్, తలుపు, కొత్త రేడియేటరు, కొత్త సీటు బెల్టు, పెయింటుతో కలిపి 58,000 చెప్పారు.

సర్వేయర్‌ని మళ్ళీ కలిసి ఒక్క ప్రశ్న అడిగాను, "బండి మాకే ఉంచుకోవచ్చా?" అని. తుక్కు విలువ కింద 45,000, మనం భరించాల్సిన 1,000 మినహాయించుకుని 64,000 ఇస్తామన్నారు. అడక్కపోతే ఈ దారి ఉందని మాకు ఎవరూ చెప్పేవారు కాదు. ఇలా తీసుకుంటే పాలసీ, ఆర్.సి. సంగతి ఏమవుతుందో ముందే కాగితం మీద రాయించుకోండి. మాకు పాత పాలసీ అక్కడితో ముగిసింది, కొత్తది కట్టాం.

"అయితే 6,000 లాభమేగా!" అని మురిసిపోయేంత అమాయకురాలిని కాను. బండి వదిలేస్తే 1,09,000 చేతికొచ్చేది. అది వదులుకుని 6,000 మిగుల్చుకున్నాను. అంటే బండిని ఉంచుకోవడానికి నాకైన అసలు ఖరీదు 1,03,000. నాలుగేళ్ళు నడిచిందనుకుంటే ఏడాదికి 26,000 లోపు. ముసలి బండి కాబట్టి సర్వీసుకి ఇంకో 25,000 వేసుకోండి. 2027లో పదిహేనేళ్ళు నిండితే ఫిట్‌నెస్, ఆర్.సి. రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఖర్చులూ కలపండి. అయినా ఆ తొంభై వేల దరిదాపుల్లోకి రాదు.

ఇక "ఆ బండి మనకి అచ్చిరాలేదు" అనే వాళ్ళు. అమ్మా, పన్నెండేళ్ళకి పైగా మా ఇంటిల్లిపాదినీ మోసింది. దెబ్బ తగిలిన రోజు దెబ్బంతా తను తీసుకుని నన్ను క్షేమంగా దింపింది. ఇంతకన్నా అచ్చిరావడం అంటే ఏమిటో నాకు తెలీదు.

ఒక్క మాటకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, దీనికి ఎయిర్‌బ్యాగ్‌లు లేవు." నిజం. 2019 జూలై నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, మాది అంతకు ముందుది. ఈ చర్చ మొత్తంలో నా ప్రాణం గురించి మాట్లాడింది వాడొక్కడే. అందుకే వాడికి మాటిచ్చాను. ఈ బండి ఊరు దాటదు, హైవే ఎక్కదు, వెనక కూర్చున్నా బెల్టు పెట్టుకోవాల్సిందే. ఆ మేస్త్రీ కొలతల్లో తేడా ఉందని చెప్పి ఉంటే నేనే దండం పెట్టి వదిలేసేదాన్ని. ఎముక విరిగిన బండిని ప్రేమ కొద్దీ రోడ్డెక్కించడం మూర్ఖత్వం.

ఇంత లెక్క చెప్పినా అసలు కారణం ఇంకా చెప్పలేదు.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ముప్ఫై అయిదో ఏట, ఈ బండి మీదే. గేటుకి రాసిన గీత ఇప్పటికీ వెనక తలుపు మీద ఉంది. మావారు అప్పుడు "పాతదేలే, నేర్చుకో" అన్నారు. పాతది కాబట్టే నా చేతికొచ్చింది! వారానికి రెండు రోజులు తెల్లవారుజామున అయిదింటికి అత్తయ్యగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది నేను. ఈ బండి సీటు ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఆవిడ మోకాళ్ళు వంచకుండా కూర్చోగలరు. బండి లేని ఆ మూడు వారాలూ ఆటో ఎక్కించడానికి నేనూ డ్రైవరూ చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఒక రాత్రి అందరి ముందూ అడిగాను, "కొత్త కారు కొంటే అయిదింటికి తాళం నాకిస్తారా?" అని. ఎవరూ మాట్లాడలేదు. మావారు కాసేపాగి, "కొత్తలో కొన్నాళ్ళు నేనే తీసుకెళ్తాలే. నీకు చెయ్యి తిరిగాక చూద్దాం" అన్నారు. నేను నడపబట్టి తొమ్మిదేళ్ళు!

అత్తయ్యగారు మంచం మీంచే అన్నారు, "నన్ను తీసుకెళ్ళేది అది. దాన్నడగండిరా." ఆవిడ ఆ ఇంట్లో అడిగించుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో, ఆ మాట వినగానే అనిపించింది.

నేను బి.ఏ. తెలుగు. విభక్తులు వల్లెవేసిన దాన్ని. "మన కారు" అన్నది షష్ఠి. "నాచేత నడపబడే కారు" అన్నది తృతీయ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి షష్ఠి ధారాళంగా ఇస్తారు. మన ఇల్లు, మన కారు, మన డిపాజిట్. తృతీయ మాత్రం ఏదైనా పాతబడ్డాకే మన దాకా వస్తుంది. పాత ఫోను, పాత స్కూటీ, పాత కారు. ఆ పాతదాన్ని కూడా తుక్కులో వేద్దామంటే మనం "మీ ఇష్టం" అనేస్తాం. టోటల్ లాస్ అంటే అదీ!

కొత్త కారు కొనొద్దని ఎవరికీ చెప్పను. కొనుక్కోండి, హాయిగా తిరగండి. ఇంట్లో ఆ చర్చ వచ్చినప్పుడు మాత్రం మూడు ప్రశ్నలు అడక్కుండా తలూపకండి. బండి ఎముక బాగుందా? ఏడాదికి ఎంత పడుతుంది? తాళం ఎవరి చేతిలో ఉంటుంది? మొదటిది మేస్త్రీని అడగండి, రెండోది కాగితం మీద వెయ్యండి. మూడోది అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు, గట్టిగా అడగండి.

మా బండి నిన్న సాయంత్రం ఆటోనగర్ నుంచి వచ్చింది. కొత్త బానెట్ రంగు పాత తలుపులతో సరిగ్గా కలవలేదు. మావారు చుట్టూ తిరిగి చూసి "తేడా తెలుస్తోంది" అన్నారు. తెలియనివ్వండి. రేపు అయిదింటికి అత్తయ్యగారికి డయాలసిస్.