వొమిటోరియం: ఒక అపవాదు

రోమను ధనికులు కంఠం దాకా మెక్కి, ‘వొమిటోరియం’ అనే గదికి పోయి కక్కి, మళ్లీ విందుకు కూర్చునేవారట! విద్యావంతులు సైతం ఈ కట్టుకథను నమ్ముతున్నారు. సిగ్గువిడిచి చెబుతున్నాను, తరగతిలో ఒకప్పుడు నేనూ చెప్పినవాడినే.

ఆ లాటిన్ పదం మన ‘వమన’ శబ్దానికి జ్ఞాతియే. కాదనను. అయితే యోగార్థాన్ని పట్టుకొని రూఢిని విడిచిపెడితే బురదలో పుట్టిన కప్ప కూడా పంకజమే కావలసివస్తుంది! వొమిటోరియం అంటే ప్రదర్శనశాలలోని ద్వారమార్గం. అది గుంపులు గుంపులుగా జనాన్ని ఆసనాల మీదికి వెళ్లగక్కుతుంది. క్రీ.శ. 5వ శతాబ్దిలో మాక్రోబియస్ చెప్పిన అర్థం ఇదే.

విందులలోని వాంతులను సెనెకా ఏవగించుకున్న మాట వాస్తవం. ఆయన నిందించినది కొందరు విలాసపురుషులను. అందుకొక గది ఉన్నదని ఆయన ఎక్కడా అనలేదు. కొందరి దుర్వ్యసనాన్ని జాతి ఆచారంగా ప్రచారం చేయడం ఏ న్యాయం? సామాన్య రోమనుకు దొరికినది రొట్టె, గోధుమ జావ, పప్పుగింజలు, కాసింత ఆలివ్ నూనె. క్రీ.పూ. 2లో అగస్టస్ ఉచిత ధాన్యం పుచ్చుకొనేవారి సంఖ్యను 2 లక్షలకు పరిమితం చేయవలసివచ్చింది. ఆ ధాన్యం కోసం కాచుకొన్నవారు ఏమి తిని, ఏ గదిలో కక్కారో ఈ కథకులే సెలవియ్యాలి.