డీజిలా, కరెంటా? వ్యాను కొనేముందు

డీలరు మాట విని సంతకం పెట్టకండి. రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ముందు కాగితం మీద రాసుకోండి. గుడివాడ చుట్టుపక్కల పాలు, కూరగాయలు తోలి సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లకు కరెంటు బండి గిట్టుబాటే. 2022లో తెచ్చిన టాటా ఏస్ ఈవీకి ఒక్క ఛార్జింగుతో 154 కిలోమీటర్లన్నారు. లోడుతో అంత రాదు. మోసేదీ 600 కిలోలే. (ఉచిత కరెంటు పొలం మోటారుకే. దాంతో బండి ఛార్జి చేస్తే కేసు.)

నాగాయలంకలో రొయ్యలు, ఐసు ఎత్తుకుని అర్ధరాత్రి దూరం పోయేవాళ్లకు ఇప్పటికి డీజిలే దిక్కు. తుపానుకు స్తంభాలు కూలితే దివిసీమ ఎన్నాళ్లు చీకట్లో ఉంటుందో మనకు తెలియంది కాదు.

కేంద్రం పీఎం ఈ-డ్రైవ్‌లో మూడుచక్రాల బండ్లకు, పెద్ద లారీలకు రాయితీ పెట్టింది. మధ్యలో మన చిన్న వ్యానును వదిలేసింది. దానికీ రాయితీ ఇవ్వాలి. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ మార్కెట్ యార్డుల్లో ఛార్జింగు పాయింట్లు పెట్టాలి.