చప్పట్లతో పాసైన పైసలెవరివి?

మండల పరిషత్తు మీటింగులో ఎజెండా చదువుతరు: బోరు రిపేరు, పైపులైను, కరెంటు బిల్లు. "పాస్ పాస్" అంటరు. చప్పట్లు కొడ్తరు, సంతకాలైతయి. రోజువారీ పనేగదా అని మనం ఊకుంటం. అన్నలారా, అక్కలారా! మోసమంతా ఈ రోజువారీ పనిలోనే దాగుంది.

జిల్లా, మండల పరిషత్తుల సాధారణ నిధుల్లో నూటికి 15 ఎస్సీలకు, 6 ఎస్టీలకు, 15 మహిళా శిశు సంక్షేమానికి ఖర్చు చేయాలన్నది రూలు. రూలు కాయితం మీదుంది. పైపులైను మాత్రం పెద్దోళ్ల వాకిట్లనే ఆగుతది. ఫ్లోరైడు నీళ్లకు నడుములు వంగిన నల్గొండలో, బొంబాయికి వలసబోయిన పాలమూరులో నల్లా ముందు ఏ వాడకు అన్నదే అసలు రాజకీయం. రిజర్వేషన్‌తో మనోడు కుర్చీ ఎక్కినా తీర్మానం రాయించేదెవరు? సంతకం మనది, పెత్తనం వాళ్లది!

2019లో గెలిచిన పరిషత్తు సభ్యుల గడువు 2024 జులైలో తీరింది. పాలన ప్రత్యేకాధికారుల చేతికి పోయింది. కుర్చీలో ఎవరున్నా లెక్క లెక్కే.

గ్రామసభకు కదలుండ్రి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టుండ్రి. తీర్మానాల పుస్తకం నకలు తీసుకొని వాడ నడుమ అందరికీ చదివి వినిపించుండ్రి. మన 15 పైసలు ఎటుబోయినయో నిలదీయుండ్రి.

అడిగేది బిచ్చం కాదు, వాటా! జై భీమ్!