నేటి లేమికి నాటి లెక్కయా?

ఉద్యోగము పోయిన పిదప మరల చదువుకొన నెంచిన పెద్దవానికి ప్రభుత్వ మేమి చేయవలెనను ప్రశ్న అమెరికా సంయుక్తరాష్ట్రములలో చిరకాలముగా నున్నది. పరదేశపు గొడవ మనకేల యని పాఠకులు త్రోసివేయరాదు. మన పట్టణములనుండి పోయి ఆ దేశమున స్థిరపడినవారెందరో కలరు. వారిలో గ్రీనుకార్డు పొందినవారు ఈ సహాయమును పౌరులవలెనే కోరవచ్చును. హెచ్-1బి అనుమతిపై నున్నవారి కీ యవకాశము లేదు. పని పోయినచో వారికి సాధారణముగా దక్కునది అరువది దినముల గడువు మాత్రమే.

ఈ సహాయమునకు మూలము 1965వ సంవత్సరపు ఉన్నతవిద్యా చట్టము. 1972లో ఏర్పడి, 1980లో క్లెయిబార్న్ పెల్ అను సెనేటు సభ్యుని పేరు దాల్చిన పెల్ గ్రాంటు తిరిగి తీర్పనక్కరలేని ధనము. 2025-26 విద్యాసంవత్సరమునకు దాని గరిష్ఠ మొత్తము 7,395 డాలరులు. వయఃపరిమితి లేదు. ఇరువదినాలుగేండ్లు నిండినవానిని తల్లిదండ్రుల ఆదాయ మడుగరు. ఇంతవరకు చట్ట ముదారమైనదే. ఇదివరకే బి.ఏ. వంటి పట్టము గలవారికి మాత్రము సాధారణముగా గ్రాంటు లేదు, రుణమే గతి. ఆ పట్టము మన దేశపుదైనను అంతియే.

చిక్కు వేరొకచోట నున్నది. డిట్రాయిటు నగరపు మోటారు కర్మాగారమున పనిచేసిన నలువదియేండ్ల గృహస్థు నొకని నూహింపుడు. 2025 మార్చిలో అతని పని పోయినది. ఇంటియద్దె బాకీ పడినది. సమీపపు కమ్యూనిటీ కళాశాలలో నర్సు విద్య నేర్వ నెంచి, ఫాఫ్సా యను దరఖాస్తును 2025-26 సంవత్సరమునకు పూరించును. ఆ పత్రము లెక్కించునది 2023వ సంవత్సరపు ఆదాయము! ఆ యేడాది యతడు ఓవర్‌టైముతో సహా నిండుజీతము తెచ్చినవాడు. కావున కాగితముమీద నతడు కలవాడు. గ్రాంటు రాదు, వచ్చినను నామమాత్రము. పొయ్యిలో పిల్లి లేవని యింటికి వచ్చి, రెండేండ్ల క్రిందటి విందును జ్ఞాపకముచేసి, నీ కాకలి లేదని చెప్పుటకును దీనికిని భేదమేమి?

ఈ పద్ధతి 2017-18 నుండి అమలులోనికి వచ్చినది. అప్పటికే దాఖలైన పన్నులెక్కల నాధారముచేసికొని విద్యార్థులు ముందుగా దరఖాస్తు పెట్టుకొనవలెనని దాని యుద్దేశము. ఉద్దేశమును మేము తప్పుపట్టము. నిలుకడగా జీతము వచ్చువానికి అది సౌకర్యమే. కూలినవానికే అది శాపమైనది.

అయితే చట్టమున నొక ద్వారము కలదు. 479-ఎ సెక్షను ప్రకారము కళాశాల సహాయాధికారి, తగిన పత్రములు చూచి, ఒక్కొక్కరి పరిస్థితినిబట్టి ఆ లెక్కను సవరింపవచ్చును. 2009 మే నెలలో, ఆర్థికమాంద్యమున లక్షలమంది పనులు పోయినప్పుడు, నిరుద్యోగభృతి పొందువారియెడ ఈ యధికారమును వినియోగింపుడని విద్యాశాఖయే కళాశాలలకు వ్రాసినది. ఇట్టి యర్జీల నన్నింటిని త్రోసిపుచ్చుట యను నియమమును ఏ కళాశాలయు పెట్టుకొనరాదనియు, ఈ యవకాశమును బహిరంగముగ ప్రకటింపవలెననియు 2020వ సంవత్సరపు సవరణ చట్టము విధించినది.

మంచిదే. కాని అడుగనిది అమ్మయైనను పెట్టదు. ఈ ద్వారమును తట్టినవానికే అది తెరచుకొనును. తట్టినను తెరచుట అధికారి చిత్తము. అతని నిర్ణయముపై విద్యాశాఖకు అప్పీలు లేదు! కోర్టులలో కాలము గడపు మాబోటివారికి అప్పీలులేని తీర్పు కంటిలో నలుసువంటిది. ఒకే కష్టము గల యిద్దరికి రెండు కళాశాలలలో రెండు న్యాయములు జరుగవచ్చును గదా? పని పోయినట్లు పత్రము చూపినవానికి ప్రస్తుతాదాయమునే లెక్కించుట అధికారి దయగా గాక విధిగా నుండవలెనని మా నిశ్చితాభిప్రాయము. పన్ను కట్టినవాడు భిక్షకుడు కాడు.

చట్టము మారువరకు, అచటనున్న మనవారు దరఖాస్తు పంపి యూరకుండరాదు. పనినుండి తొలగించిన ఉత్తరువు, చివరి జీతపు చీటి, నిరుద్యోగభృతి పత్రము జతపరచి కళాశాల సహాయాధికారికి ప్రత్యేకముగ జాబు వ్రాయవలెను. భృతిపత్రమును జారీయైన తొంబది దినములలోపల సమర్పింపవలెను. జాబు నకలొకటి తమయొద్ద నుంచుకొనవలెను.