లిఫ్ట్ ఉంది, ర్యాంప్ ఉంది.. బాత్రూమ్ డోర్ దగ్గరే బ్రేక్! హైదరాబాద్‌లో వీల్‌చైర్ రూమ్ ఎందుకు దొరకట్లేదు?

ట్రీట్‌మెంట్‌కో, పెళ్లికో, పరీక్షకో జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చే వీల్‌చైర్ యూజర్లకు అన్నిటికంటే ముందు తలనొప్పి హోటల్ రూమే. యాప్‌లో వీల్‌చైర్ ఫిల్టర్ పెడితే లిస్టు బాగానే వస్తుంది. తీరా వెళ్లాక గేటు దగ్గర ర్యాంప్ ఉంటుంది, లిఫ్ట్ ఉంటుంది, గదిలోకి కూడా వెళ్లొచ్చు. బాత్రూమ్ డోర్ దగ్గరే బండి ఆగిపోతుంది.

లెక్క చూస్తే విషయం అర్థమవుతుంది. మామూలు వీల్‌చైర్ వెడల్పు 60 నుంచి 70 సెంటీమీటర్లు. చాలా లాడ్జీల్లో బాత్రూమ్ తలుపు రెండు, రెండున్నర అడుగులు. అంటే 60 నుంచి 75 సెంటీమీటర్లు. ఫ్రేమ్ పోను మిగిలేది ఇంకా తక్కువ. ఎలాగోలా దూరినా లోపల తిరగడానికి చోటుండదు. నీళ్లు గదిలోకి రాకుండా కట్టే గట్టు సంగతి సరేసరి. దీంతో ఇంట్లోవాళ్లు ఎత్తుకుని తీసుకెళ్లాల్సిందే. ఆడవాళ్లకైతే ఇది మరీ నరకం. బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడం మానేసేవాళ్లూ ఉన్నారు.

మరి రూల్స్ లేవా అంటే.. ఉన్నాయి. స్టార్ రేటింగ్ కావాలంటే దివ్యాంగుల కోసం కనీసం ఒక గది, దానికి మీటరు వెడల్పు తలుపు ఉండాలని కేంద్ర పర్యాటక శాఖ చెబుతోంది. కానీ ఆ రేటింగ్ తీసుకోవాలా వద్దా అన్నది హోటల్ ఇష్టం. పంజాగుట్ట నిమ్స్ చుట్టుపక్కల పేషెంట్ల బంధువులు దిగే చిన్న లాడ్జీలకు స్టార్‌తో పనేముంది? అసలు అవసరం ఎక్కువగా ఉండేది అక్కడే.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. అయితే ఆ చట్టం కింద 2017లో వచ్చిన రూల్స్‌లోనే తిరకాసు ఉంది. తప్పనిసరి కావాల్సిన కొలతలు సలహాల్లా మిగిలిపోయాయి. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పి 15(1) రూల్‌ను తప్పుబట్టింది. కచ్చితంగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ కేసులో కోర్టుకు రిపోర్ట్ ఇచ్చింది కూడా మన హైదరాబాద్‌లోని నల్సార్ యూనివర్సిటీకి చెందిన దివ్యాంగుల అధ్యయన కేంద్రమే. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా గరిష్ఠంగా 10 వేలు. ఓ పెద్ద హోటల్‌కు అదొక లెక్కా?

ఇక బుకింగ్ యాప్‌ల విషయానికొస్తే, ఆ వీల్‌చైర్ గుర్తు చాలాసార్లు హోటల్ వాళ్లు టిక్ పెట్టుకున్నదే. లిఫ్ట్ ఉంటే చాలు, టిక్ పడిపోతుంది. అందుకే డబ్బు కట్టేముందు హోటల్‌కే ఫోన్ చేయాలి. ‘వీల్‌చైర్ రూమ్ ఉందా’ అంటే ‘ఉంది సార్’ అనే అంటారు. అలా కాకుండా బాత్రూమ్ తలుపు ఎన్ని అంగుళాలు, గట్టు ఉందా, కమోడ్ పక్కన పట్టుకోడానికి రాడ్ ఉందా అని అడగాలి. తలుపుకు టేపు పెట్టి ఫొటో తీసి వాట్సాప్ చేయమనండి. కుదరదంటే ఇంకో హోటల్ చూసుకోవడమే బెటర్.