గడియారం చూసి దించకండి
కింద బిస్కెట్, పైన చాక్లెట్ ఉండే స్కాట్లండ్ వాళ్ల మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్ ఇంట్లో చేసినప్పుడు మధ్యలోని కారమెల్ పొర జారిపోతుంటే చాలామంది ఇంకో గంట ఫ్రిజ్‌లో పెడతారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు, తప్పు పొయ్యి మీదే జరిగిపోయింది. వెన్న, చక్కెర, కండెన్స్‌డ్ మిల్క్ ఉడుకుతున్నప్పుడు నీరు ఎంత ఇగిరిందన్నదే అసలు సంగతి. ‘ఐదు నిమిషాలు ఉడికించండి’ అని రాసి ఊరుకునే వంటల పుస్తకాల మీద నాకు కోపం. మంట, గిన్నె మందం ఇంటికో రకంగా ఉంటాయి కదా! 112–115 డిగ్రీల సెల్సియస్ మధ్య దించాలి. థర్మామీటర్ లేకపోతే, మనం అరిసెలకు చూసినట్టే, చన్నీళ్లలో చుక్క వేయండి. మెత్తటి ఉండ కట్టాలి. వెన్న విడిపోయి పైకి తేలితే పారబోయకండి, చెంచాడు వేడినీళ్లు పోసి గట్టిగా గిలక్కొడితే చాలాసార్లు మళ్లీ కలుస్తుంది. అడుగంటిన కారమెల్‌ను మాత్రం గీకి కలపొద్దు, ఆ చేదు మొత్తానికీ పాకుతుంది.