పరదేశమున ఇల్లు కట్టుట

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు కలిమిగలవారిని గూర్చియే చెప్పిరి. రెక్కాడినగాని డొక్కాడని కుటుంబముల మాట వేరుగ చెప్పనక్కరలేదు. అట్టివారి యిండ్ల నిర్మాణమున తోడ్పడుటకై యువతీయువకులు సముద్రములు దాటి పోవుట యీనాడు వాడుకయైనది. తమ కుమార్తెలు ఇట్టి పనికి పోవుదుమని యడిగినచో తల్లులు తెలిసికొనదగిన సంగతులను కొన్నిటి నిచట వ్రాయుచున్నాము.

ఈ పనికి పేరొందిన సంస్థలలో ‘హేబిటాట్ ఫర్ హ్యుమానిటీ’ యొకటి. మిల్లర్డు ఫుల్లరును, ఆయన భార్య లిండాయును దీనిని 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున స్థాపించిరి. అంతకుముందు ఆ దంపతులు నేడు కాంగో యనబడు జైరు దేశమున మూడేండ్లు ఇండ్లు కట్టించిరి. మన దేశమున ఈ సంస్థ పని 1983లో ఖమ్మమునందు మొదలయ్యెను. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సతీసమేతుడై లోనావాలా సమీపమునకు వచ్చి, నూరు ఇండ్ల నిర్మాణమున స్వయముగ పనిచేసెను.

ఈ పద్ధతిలో ఇల్లు దానముగ లభింపదు. కుటుంబమువారును సేవకులతో సమానముగ చెమటోడ్చవలెను. ఖరీదును వాయిదాల ప్రకారము చెల్లింపవలెను. ఆ సొమ్ము మరియొకరి యింటికి పనికివచ్చును. లాభమును వడ్డీయును కూడదనునది సంస్థాపకుల తొలి నియమము.

“విమానపు టిక్కెట్టు సొమ్ముతో ఇటుకలే కొని పంపరాదా?” యని కొందరందురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. పనిరాని చేతులు కట్టిన గోడను మేస్త్రీ విప్పి మరల కట్టవలసివచ్చినచో ఆ సేవ భారమగును. కావున ముందుగ మూడు సంగతు లడుగుడు. ఆ యూరి మేస్త్రీలకు, కూలీలకు పని పోకుండ కూలి ముట్టుచున్నదా? స్థలమును ఇల్లును ఇల్లాలి పేర గూడ వ్రాయబడుచున్నవా? పొయ్యి యెచ్చట నుండవలెనో, నీళ్లు యెటు పోవలెనో ఆమె నడిగి నిర్ణయించిరా?

వీనికి తగిన సమాధానము వచ్చినచో పిల్లను సంశయింపక పంపుడు. మేస్త్రీ చెప్పినట్లు ఇటుకలందించుట, ఇసుక జల్లించుట, రంగు వేయుట ఆమె చేయగలదు. ఆడువారికి బరువు పనులేల యనువారికి ఒక్కమాట: 1991లో అమెరికాలోని షార్లెట్ నగరమున స్త్రీలే పూనుకొని ఒక యిల్లు కట్టిరి. మన దేశమున తలపై తట్ట మోయు కూలిస్త్రీలు ఏ యిల్లు కట్టునప్పుడైనను కనబడుదురు.

ఆ స్త్రీలలో సొంతయిల్లు గలవా రెందరు? ప్రయాణమునకు ముందే మీ వీధిలో ఇల్లు కట్టుచున్నచోటికి పిల్లను తీసికొనిపోయి వారితో మాటలాడనిండు. పరదేశమున ఏ కుటుంబమునకు తోడ్పడబోవుచున్నదో ఆమెకు అచటనే కొంత తెలియును. తిరిగివచ్చిన పిదప చేయవలసిన పనియు తెలియును.